నా టైమ్‌షీట్ మీద అత్తయ్య సంతకం

నెలకు రెండుసార్లు, పదిహేనో తేదీ రాత్రి ఒకసారి, నెలాఖరు రాత్రి ఇంకోసారి, మా అత్తయ్య మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నేను ఆవిడకు చేసిన పని గంటలు చదివి వినిపిస్తాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింటారు. ఎక్కడన్నా తేడా అనిపిస్తే "ఆగు" అంటారు. అంతా సరిపోతే కుడిచేత్తో ఫోన్ అందుకుని బటన్ నొక్కుతారు. ఆవిడ నొక్కితేనే నాకు జీతం పడుతుంది. కాలిఫోర్నియా ప్రభుత్వం కాగితాల ప్రకారం అత్తయ్య నా యజమాని, నేను ఆవిడ దగ్గర పనిచేసే మనిషిని.

ఇక్కడ తెలుగువాళ్ళ ఇళ్ళలో పెద్దవాళ్ళు మంచాన పడితే, వాళ్ళను చూసుకునే ఇంట్లోవాళ్ళకే ప్రభుత్వం జీతమిచ్చే ఇలాంటి సదుపాయం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలో కొందరు టైమ్‌షీట్ల దగ్గరికొచ్చేసరికి తికమకపడి వదిలేశారు. అందుకని మాకు ఎలా జరిగిందో మొదటినుంచీ రాస్తున్నాను.

2024 సంక్రాంతి వెళ్ళిన పది రోజులకు అత్తయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మాత్రం నాలుగు రోజుల్లోనే తిరిగొచ్చింది. ఆవిడకప్పుడు 74 ఏళ్ళు. తెనాలి దగ్గర పల్లెలో నలభై ఏళ్ళు వ్యవసాయం చేయించిన మనిషి. మామయ్యగారు పోయాక శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో మా దగ్గరికి వచ్చేశారు. ఆసుపత్రి, ఆ తర్వాత కొన్ని వారాలు ఫిజియోథెరపీ అయ్యాక ఇంటికి తెచ్చుకున్నాం. నేను అప్పటికి ఒక ప్రీస్కూల్లో పూటపనికి వెళ్ళేదాన్ని. ఏప్రిల్లో మానేశాను. దాని గురించి ఇంట్లో పెద్ద చర్చేమీ జరగలేదు. అత్తయ్యను ముక్కూమొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టడం మా ఇద్దరికీ ఇష్టం లేదు, అంతే.

ఫిజియోథెరపీ జరిగే చోట ఒకావిడ అడిగింది: "మీ అత్తగారికి మెడీకాల్ ఉంది కదా, ఐహెచ్ఎస్ఎస్‌కి దరఖాస్తు పెట్టారా?" మెడీకాల్ అంటే ఆదాయం తక్కువున్నవాళ్ళకు కాలిఫోర్నియాలో ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా, అది తెలుసు. ఐహెచ్ఎస్ఎస్ అన్న పేరు వినడం మాత్రం నాకు అదే మొదలు.

ఇన్-హోమ్ సపోర్టివ్ సర్వీసెస్ అని దాని పూర్తి పేరు. 1973 నుంచి కాలిఫోర్నియాలో ఉంది. వయసు మళ్ళినవాళ్ళు, చూపు లేనివాళ్ళు, వికలాంగులు నర్సింగ్ హోముకు పోనవసరం లేకుండా తమ ఇంట్లోనే ఉండేటట్టు, వాళ్ళకు సాయం చేసే మనిషికి ప్రభుత్వమే జీతం ఇస్తుంది. ఆ సాయం పొందేవాళ్ళు రాష్ట్రంలో ఏడు లక్షలకు పైగా ఉన్నారు. మనిషిని పెట్టుకునేదీ, పని చెప్పేదీ, నచ్చకపోతే మాన్పించేదీ సాయం పొందే మనిషే. పనిచేసేది కొడుకైనా, కూతురైనా, కోడలైనా అభ్యంతరం లేదు. గంటకు ఎంత అన్నది కౌంటీని (మన జిల్లా లాంటిది) బట్టి మారుతుంది, ఎందుకంటే ఒక్కో కౌంటీలో పనివాళ్ళ యూనియన్ వేరుగా మాట్లాడుకుని రేటు కుదుర్చుకుంటుంది. మా రేటు అప్పటి రాష్ట్ర కనీస వేతనం 16 డాలర్ల కంటే ఎక్కువే.

దరఖాస్తు పెట్టడం కష్టం కాలేదు. ఒక ఫారం మేము నింపాం, ఎస్ఓసీ 873 అనే ఇంకో ఫారం డాక్టర్ నింపి సంతకం పెట్టారు. అసలు కష్టం సోషల్ వర్కర్ ఇంటికి వచ్చిన రోజున ఎదురైంది.

మే నెలలో ఒక పొద్దున వచ్చిందావిడ. ఫోన్లో తెలుగు దుబాసీని పెట్టారు. అది మన హక్కు, అడగాలి. మేం దరఖాస్తులోనే తెలుగు అని రాశాం. అత్తయ్య ఆ రోజు తెల్లవారుజామునే నన్ను లేపి తలకు నూనె రాయించుకుని, జడ వేయించుకుని, ఇస్త్రీ చీర కట్టించుకున్నారు. ఇంటికి పెద్దమనిషి వస్తోందని.

"స్నానం మీరే చేస్తారా?" అని దుబాసీ అడిగింది.

"నేనే చేసుకుంటానండీ."

"బట్టలు?"

"నేనే కట్టుకుంటాను."

"వంట?"

"అమ్మాయి చేస్తుంది. నేనూ కూరలు తరిగి పెడతాను."

నేను పక్కన కూర్చుని తల వంచుకున్నాను. అంతకు రెండు రోజుల ముందు బాత్రూములో ఆవిడ జారితే నేను నడుం పట్టుకుని ఆపాను, ఇద్దరం గోడకి గుద్దుకున్నాం. నా మోచెయ్యి ఇంకా నీలంగానే ఉంది. కానీ పరాయి మనిషి ముందు అత్తయ్య మాట కాదని ఎలా అనను? ఆవిడ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. జీవితమంతా పదిమందికి పెట్టిన చెయ్యి అది. "నాకు చేతకాదు" అన్న మాట ఆవిడ నోట నేను ఎన్నడూ వినలేదు.

ఆ సోషల్ వర్కర్ ఇలాంటివాళ్ళను ఎంతమందిని చూసిందో గానీ, అత్తయ్య మాటకు ఎదురు చెప్పలేదు. "ఒకసారి మంచం మీంచి లేచి ఆ కుర్చీలోకి వచ్చి చూపిస్తారా?" అంది. అత్తయ్య కుడిచేత్తో మంచంకోడు పట్టుకుని లేవబోయారు. సగం లేచారు. ఎడమకాలు మడత పడింది. నేను గబుక్కున వెళ్ళి చంకలో చెయ్యి వేసి నిలబెట్టాను. కుర్చీలో కూర్చున్నాక పమిట సర్దుకుని, ఫోన్ వైపు చూసి, "ఇదొక్కటీ కష్టంగా ఉందండీ" అన్నారు.

అప్పుడు నేను నోరు విప్పాను. స్నానం, బట్టలు, రాత్రి రెండుసార్లు కమోడ్ కుర్చీ, మందులు, గంటకోసారి పక్క మార్చడం, అన్నీ చెప్పాను. ఆ రోజంతా అత్తయ్య నాతో మాట్లాడలేదు. మర్నాడు కాఫీ ఇస్తుంటే, "నా గుట్టంతా ఆవిడ ముందు పెట్టావుగా అమ్మాయ్" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. "అత్తయ్యా, నేను చెప్పకపోతే ఆ కాగితంలో మీరు హాయిగా నడిచి తిరుగుతున్నట్టే ఉండిపోతుంది. రేపు నాకు జ్వరం వస్తే మిమ్మల్ని చూడటానికి ఇంకో మనిషిని పంపేవాళ్ళుండరు" అన్నాను. ఆవిడ జవాబివ్వలేదు గానీ కాఫీ మొత్తం తాగారు.

ఈ మాట తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. సోషల్ వర్కర్ వచ్చే రోజున పెద్దవాళ్ళు తమ మంచి రోజు చూపిస్తారు, మీరు వాళ్ళ మామూలు రోజు చెప్పాలి. ముందురోజే కూర్చోబెట్టి మాట్లాడుకోండి. నేను మాట్లాడకపోవడం వల్లే ఆవిడకు అంత నొప్పి కలిగింది.

జూన్‌లో నోటీసు వచ్చింది. నెలకు 96 గంటలు. ఒక్కో పనికి వారానికి ఎన్ని గంటలో ఎన్ని నిమిషాలో వరసగా రాసి ఉంది: స్నానం, బట్టలు వేయడం, మంచం మీంచి లేపి కూర్చోబెట్టడం, మలమూత్రాల దగ్గర సాయం, మందులు అందించడం, వంట, బట్టలు ఉతకడం. ఇంటిల్లిపాదికీ కలిపి వండేదాంట్లో అత్తయ్య వాటా మాత్రమే లెక్కకొస్తుంది. ఇల్లు ఊడ్చి తుడవడంలో కూడా అంతే. న్యాయమే అనిపించింది. మా పిల్లల లంచ్ బాక్సులకు ప్రభుత్వం ఎందుకు డబ్బివ్వాలి?

ఆ కాగితం చదువుతుంటే నాకొక సంగతి తట్టింది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నేను ఇంట్లో చేసే పనిని విడివిడిగా పేర్లు పెట్టి, పక్కన నిమిషాలు వేసి రాసినవాళ్ళు ఎవరూ లేరు.

ఆ వారంలోనే మా బంధువుల ఇంట్లో పుట్టినరోజుకు వెళితే ఈ విషయం బయటికొచ్చింది. "అత్తగారికి చేసినదానికి డబ్బు తీసుకుంటావా?" అని ఒకావిడ అందరి ముందూ అడిగేసింది. నేనేమీ అనలేకపోయాను. ఇంటికొచ్చి చెబితే అత్తయ్యే అన్నారు: "చేసినమనిషికి కూలివ్వకపోవడం తప్పుగానీ, పుచ్చుకోవడం తప్పేంటి? ఆవిణ్ణొచ్చి వారం రోజులు చెయ్యమను."

తర్వాత నా నమోదు. ఎస్ఓసీ 426 ఫారం, పనివాళ్ళకు పెట్టే ఓరియెంటేషన్, నియమాలకు ఒప్పుకుంటూ ఎస్ఓసీ 846 మీద సంతకం, లైవ్ స్కాన్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేలిముద్రలు. వేలిముద్రల ఖర్చు మనదే. జులైలో అన్నీ అయ్యాయి, ఆగస్టు 1 నుంచి నా గంటలు మొదలయ్యాయి.

ఇక ఆన్‌లైన్ సంగతి. ఇంతకుముందు కాగితం టైమ్‌షీట్లు ఉండేవట, పోస్టులో పంపేవాళ్ళట. 2016లో అమెరికా ప్రభుత్వం తెచ్చిన 21వ శతాబ్దపు క్యూర్స్ చట్టం వల్ల అవి పోయాయి. మెడికెయిడ్ (కాలిఫోర్నియాలో దాని పేరే మెడీకాల్) డబ్బుతో ఇంట్లో జరిగే సేవకు ఎవరు చేశారు, ఎవరికి చేశారు, ఏ పని, ఏ తేదీ, ఎక్కడ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసింది అన్నవన్నీ ఎలక్ట్రానిక్‌గా నమోదవ్వాలని ఆ చట్టం. కాలిఫోర్నియాలో ఇప్పుడు రెండే దారులు: ఎలక్ట్రానిక్ సర్వీసెస్ పోర్టల్ అనే వెబ్‌సైటు, లేదా ఫోన్ చేసి అంకెలు నొక్కే పద్ధతి. 2023 జులై నుంచి, సాయం పొందే మనిషితో ఒకే ఇంట్లో ఉండనివాళ్ళు వచ్చినప్పుడూ వెళ్ళేటప్పుడూ చెక్-ఇన్, చెక్-అవుట్ కూడా చెయ్యాలి. నా స్నేహితురాలు పక్క ఊళ్ళో ఒక పెద్దాయనకు వండిపెట్టడానికి వెళుతుంది, దానికోసం తన ఫోన్లో ఒక యాప్ ఉంది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే నొక్కడం అలవాటు చేసుకుంది. నేను అత్తయ్యతో ఒకే కప్పుకింద ఉంటాను కాబట్టి నాకు ఆ చెక్-ఇన్ లేదు. రోజువారీ గంటలు వేస్తే చాలు.

పోర్టల్‌లో రెండు ఖాతాలు తెరవాలి, నాకొకటి, అత్తయ్యకొకటి. నాది పది నిమిషాల్లో అయిపోయింది. అత్తయ్యది మూడు రోజులు పట్టింది, కారణం మన ఇంటిపేర్లే. ఊళ్ళో అందరికీ ఆవిడ ఒక పేరు. రేషన్ కార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడదీసి చివర పెట్టారు, అసలు పేరును రెండు ముక్కలు చేశారు. నేను పాస్‌పోర్టులో ఉన్నట్టు కొడుతున్నాను, వివరాలు సరిపోలడం లేదని వస్తోంది. రెండో ముక్క మధ్యపేరేమో అని తీసేసి చూశాను. కలిపి రాసి చూశాను. ఆఖరికి జూన్‌లో వచ్చిన నోటీసు తీసి, దాని మీద పేరు ఎలా అచ్చయిందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాను. వెంటనే తెరుచుకుంది. కాబట్టి పాస్‌పోర్టు పక్కన పెట్టండి, నోటీసు మీద పేరు ఎలా ఉంటే అలా కొట్టండి. ఆ కవరులోనే కేసు నంబరు కూడా ఉంటుంది, పారెయ్యకండి.

పోర్టల్ ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, అర్మేనియన్ భాషల్లో ఉంది. తెలుగు లేదు. అత్తయ్యకు ఇంగ్లీషు చదవడం రాదు. ఆవిడ పాస్‌వర్డ్‌తో నేనే లోపలికెళ్ళి నొక్కేస్తే రెండు నిమిషాల పని. నాకు తెలిసి అలా చేస్తున్నవాళ్ళు ఉన్నారు. నేను చెయ్యనన్నాను. ఆ బటన్ సంతకంతో సమానం. రాసిన గంటలు నిజమని చట్టప్రకారం ప్రమాణం చేస్తున్నట్టు దాని పైన రాసి ఉంటుంది. ఇంకొకరి సంతకం మనం ఎలా పెడతాం? ఆవిడ తెలివి చక్కగా ఉంది, చెయ్యి చక్కగా ఉంది. కావలసిందల్లా చదివి చెప్పే మనిషి.

మా చిన్నాడు ఒక అట్టముక్క మీద ఫోన్ తెర బొమ్మ గీశాడు. ఎక్కడ ముందు నొక్కాలి, కిందికి ఎంతవరకు జరపాలి, ఏ గడిలో టిక్ పెట్టాలి, ఆమోదించే బటన్ ఏది, తిప్పిపంపే బటన్ ఏది, అన్నీ రంగులు వేసి తెలుగులో రాసి పెట్టాడు. వాడి తెలుగు అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి, నాన్నమ్మ దగ్గరే నేర్చుకున్నాడు. ఆ అట్టముక్క ఇప్పటికీ అత్తయ్య దిండు కిందే ఉంటుంది.

మొదటిసారి ఆవిడకు టైమ్‌షీట్ చూపించి, తేదీకొక గడి ఉంటుందని, దాంట్లో గంటలూ నిమిషాలూ వేస్తానని చెప్తుంటే, "ఓస్, ఇది మస్తరేగా" అన్నారు. నిజమే. నాట్లకూ కోతలకూ కూలీలు వస్తే మస్తరు రాసింది ఆవిడే. ఎవరు పూట పనికొచ్చారు, ఎవరు రోజంతా ఉన్నారు, ఎవరు మధ్యలో బిడ్డకు పాలివ్వడానికి ఇంటికెళ్ళి వచ్చారు, అన్నీ ఒక నోటు పుస్తకంలో గీతలు పెట్టి ఉంచేవారట. పొద్దుగూకేలోపు కూలి డబ్బులు చేతిలో పెట్టి పంపడం ఆవిడ పట్టుదల.

ఆగస్టు 15 రాత్రి నేను నా మొదటి టైమ్‌షీట్ పంపాను. ఒకటి నుంచి పదిహేను వరకు ఒక పే పీరియడ్, పదహారు నుంచి నెలాఖరు వరకు ఇంకొకటి. నేను పంపాక అది ఆమోదం కోసం అత్తయ్య ఖాతాకు వెళుతుంది, ఆవిడకు ఈమెయిల్ వస్తుందని తెలుసు. ఈమెయిల్ రాలేదు. వస్తుందిలే అనుకున్నాం. నాలుగు రోజులు గడిచాయి. "నీ కూలి పడిందా?" అని రోజూ అడుగుతున్నారు. పడలేదత్తయ్యా అంటున్నాను. ఐదో రోజు కౌంటీకి ఫోన్ చేద్దామని కూర్చుని, ముందు ఆవిడ ఖాతా తెరిచి చూస్తే టైమ్‌షీట్ అక్కడే ఉంది, ఆవిడ ఆమోదం కోసం. పేర్ల గొడవలో పడి మా ఆయన ఎప్పుడో వాడటం మానేసిన ఈమెయిల్ అడ్రసు ఇచ్చేశాం. కబురు అక్కడికెళ్ళి పడి ఉంది.

ఆ సంగతి చెప్పేసరికి అత్తయ్య ముఖం వాడిపోయింది. "నీ కూలి నా దగ్గరే ఆగిందా?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదని ఎంత చెప్పినా వినలేదు. ఆ క్షణమే ఫోన్ తెమ్మని, అట్టముక్క చూసుకుంటూ, టిక్ పెట్టి, బటన్ నొక్కారు. వేలు వణికింది. కొద్ది రోజుల్లో డబ్బు బ్యాంకులో పడింది. ఆ నెల నుంచి ఈమెయిల్ కోసం ఎదురుచూడటం మానేశాం. పదిహేను, నెలాఖరు వచ్చిందంటే రాత్రి భోజనం కాగానే ఆవిడే "మస్తరు చూద్దామా" అంటారు.

ఆ మొదటి నెలలోనే నేను ఇంకో పొరపాటు చేశాను, ఇది కొంచెం వివరంగా చెప్పాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. నెల గంటలు 96. వారానికి గరిష్ఠం ఎంతంటే, దాన్ని నాలుగుతో భాగిస్తారు, 24. ఆదివారం మొదలై శనివారం ముగుస్తుంది వారం. నేను వారానికి 24 అనుకుని రోజుకు 3 గంటల 25 నిమిషాల చొప్పున వేసుకుంటూ పోయాను. కానీ ఫిబ్రవరి తప్ప ఏ నెలా సరిగ్గా నాలుగు వారాలు ఉండదు. ఆగస్టుకు 31 రోజులు. 28వ తేదీకి 95 గంటల 40 నిమిషాలు అయిపోయాయి. 29న చూస్తే మిగిలినవి 20 నిమిషాలు! ఆ చివరి మూడు రోజులూ పని మామూలుగానే చేశాను, చెయ్యకుండా ఎలా ఉంటాను? దానికి లెక్క మాత్రం లేదు. వారానికి 24 అన్నది దాటకూడని గీత, అంత చెయ్యమని కాదు. ఇప్పుడు నెల మొదట్లోనే 96ని ఆ నెల రోజులతో భాగించుకుంటాను. 31 రోజుల నెలకు రోజుకు సుమారు 3 గంటల 5 నిమిషాలు. తలంటి ఉన్న రోజు ఎక్కువ, లేని రోజు తక్కువ, చేసింది చేసినట్టు వేస్తూ, వారం వారం ఎంత మిగిలిందో చూసుకుంటాను.

గంటలు మర్చిపోకుండా ఉండటానికి గుడివాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే పెన్సిలుతో రాసుకుంటాను. తిథి, నక్షత్రం, వర్జ్యం, కింద నా 3:10. రాత్రి పూట పోర్టల్‌లోకి ఎక్కించి సేవ్ చేస్తాను. పదిహేను రోజులవీ ఒకేసారి వేద్దామని కూర్చుంటే గుర్తుండదు.

గుర్తుండకపోతే ఏమవుతుందో అక్టోబర్‌లో తెలిసింది. 9వ తేదీ రాత్రి అత్తయ్యకు చలిజ్వరం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఆసుపత్రిలో చేర్చుకున్నారు. 12 మధ్యాహ్నం, సరిగ్గా దసరా రోజున, ఇంటికి పంపారు. నేను ఆ మూడు రాత్రులూ ఆవిడ మంచం పక్క కుర్చీలోనే ఉన్నాను. ఇంటికొచ్చాక నిద్రలేమి, పండగ, పిల్లలు. క్యాలెండర్‌లో రాయలేదు, పోర్టల్‌లో వెయ్యలేదు. 15 రాత్రి కూర్చుని ఖాళీగా ఉన్న గడులన్నిట్లోనూ వరసగా 3:05, 3:05 అని నింపేసి పంపేశాను. అప్పుడు నా బుర్రలో ఏమీ లేదు, కళ్ళు మూతలు పడుతున్నాయి.

చదివి వినిపిస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది, పది...

"ఆగు" అన్నారు. "పదో తారీఖంటే ఏం తిథి?"

క్యాలెండర్ చూసి చెప్పాను.

"అయితే నేను ఆసుపత్రిలో ఉన్నానుగా అమ్మాయ్. దుర్గాష్టమి పూట దీపం పెట్టలేకపోయానని అనుకున్నాను, గుర్తులేదూ?"

సాయం పొందే మనిషి ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉన్న రోజులకు గంటలు వెయ్యకూడదు. ఓరియెంటేషన్లో చెప్పారు, నాకు తెలుసు. 9న చేర్చేముందు పగలంతా చేసిన పని ఉంది, 12న ఇంటికొచ్చాక చేసింది ఉంది. 10, 11 మాత్రం సున్నా వెయ్యాలి. ఆ రోజులకు గంటలు వేసి జీతం తీసుకుంటే తర్వాత తిరిగి కట్టాలి, కావాలని చేస్తే అది మోసం కింద లెక్క. నాకు ఒళ్ళు చల్లబడింది.

"అత్తయ్యా, నేను కావాలని వెయ్యలేదు" అన్నాను.

"నాకు తెలియదూ? ఆ కుర్చీలో నువ్వు ముడుచుకుని పడుకోవడం నేను చూశాను. నిద్రపోయానని అనుకున్నావు గానీ చూస్తూనే ఉన్నాను" అన్నారు. కాసేపాగి, "చేశావు. నాకు చేశావు. కానీ ఇందులో వెయ్యడానికి లేదు. రెండో బటన్ ఏది?" అని అట్టముక్క అందుకున్నారు.

తిప్పిపంపే బటన్ నొక్కారు. కారణం అడిగితే గంటలు తప్పు అన్నదాన్ని నేను చదివి చెబితే ఎంచారు. టైమ్‌షీట్ నా ఖాతాకు తిరిగొచ్చింది. ఆ రెండు రోజులూ తీసేసి, మళ్ళీ పంపాను. మళ్ళీ మొదటినుంచీ చదవమన్నారు. చదివాను. అప్పుడు ఆమోదించారు. టైము పదకొండున్నర. ఆ రాత్రి నాకు ఎందుకో చాలా నిశ్చింతగా నిద్ర పట్టింది.

జీతం సంగతి కూడా కొంచెం చెప్తాను. జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షన్‌కు 6.2 శాతం, మెడికేర్ అనే పెద్దవాళ్ళ ఆరోగ్య బీమాకు 1.45 శాతం పోతాయి. ఆదాయపన్ను మాత్రం, ఒకే ఇంట్లో ఉండి చేసేవాళ్ళకు పడకుండా చూసుకోవచ్చు. అమెరికా ఆదాయపన్ను శాఖ ఐఆర్ఎస్ 2014లో ఇచ్చిన 2014-7 అనే నోటీసు ప్రకారం ఆ జీతం పన్ను వేసే ఆదాయంలోకి రాదు. దానికి ఎస్ఓసీ 2298 అనే ఫారం ఇవ్వాలి. మొదటి మూడు నెలలు నాకిది తెలియదు, నా స్నేహితురాలికి యూనియన్ మీటింగులో చెబితే తను నాకు చెప్పింది. సాయం పొందే మనిషితో కలిసి ఉంటున్నవాళ్ళు పని మొదలుపెట్టిన రోజే ఈ ఫారం ఇవ్వండి.

సోషల్ సెక్యూరిటీ కోత చూసి మొదట కొంచెం బాధపడ్డాను. తర్వాత మా ఆయన నా పేరు మీద ఉన్న సోషల్ సెక్యూరిటీ లెక్క తెరిచి చూపించారు. సొంత పెన్షన్ రావాలంటే జీవితంలో 40 క్రెడిట్లు ఉండాలి, ఏడాదికి నాలుగుకు మించి రావు. 2025లో ఒక్కో క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన కావాలి. ప్రీస్కూల్లో చేసిన రెండేళ్ళకు నాకు ఎనిమిది ఉన్నాయి. అత్తయ్యకు చేసే ఈ పని మొదలుపెట్టాక వాటి కింద మళ్ళీ అంకెలు పెరుగుతున్నాయి. అత్తయ్యకు చెబితే మొదట అర్థం కాలేదు. "మీరు నొక్కే బటన్ వల్ల నాకు ముసలితనంలో పెన్షన్ వస్తుందత్తయ్యా" అన్నాను. "మా కాలంలో ఇది లేకపోయె" అన్నారు. ఆవిడ నలభై ఏళ్ళ వ్యవసాయం ఏ లెక్కలోనూ లేదు. మస్తరు రాసిన మనిషి పేరు ఆ మస్తరులో ఎక్కడా ఉండేది కాదు.

ఈ ప్రోగ్రాములో ఏడాదికొకసారి సోషల్ వర్కర్ మళ్ళీ వచ్చి చూస్తారు, గంటలు పెరగొచ్చు, తగ్గొచ్చు. 2025 మేలో వస్తామని ఉత్తరం వచ్చినప్పుడు, కిందటేడు మాట్లాడలేకపోయిన మాటలు ముందురోజు రాత్రే మాట్లాడుకుందామని కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలా అనుకుంటుంటే ఆవిడే మొదలుపెట్టారు.

"ఈసారి స్నానం సంగతి నేనే చెప్తాను. రాత్రిపూట సంగతి కూడా. నువ్వు మాట్లాడకు."

సరేనన్నాను.

"పళ్ళు తోముకోవడం మాత్రం నేనే చేసుకుంటున్నాను కదా రెండు నెలల నుంచీ. అది తీసెయ్యమని చెప్తాను. నీకు కొన్ని నిమిషాలు తగ్గుతాయేమో."

"తగ్గనీయండి అత్తయ్యా" అన్నాను.

"జడ మాత్రం ఉంచమంటాను. ఒంటిచేత్తో జడ పడదు" అని, కుడిచేత్తో దిండు కింద అట్టముక్క సరిగ్గా ఉందో లేదో తడిమి చూసుకుని, లైటు ఆర్పమన్నారు.